రెండుసార్లు వద్దనే మర్యాద

ఎల్మ్‌డేల్, విస్కాన్సిన్
సెప్టెంబరు 1944

ప్రియమైన చెల్లి రాగ్నాకు,

ప్రభువు దయవల్ల ఇక్కడ క్షేమం. నౌకాదళంలో ఉన్న మా అబ్బాయి ఐనార్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, వాడూ క్షేమమే.

ఆడపిల్లల బేస్‌బాల్ ఫైనల్స్ అని మా ఊరంతా ఒకటే గోల. మా జట్టుకీ మీ హార్టన్ జట్టుకీ ఏడు ఆటలట. ముందుగా నాలుగు గెలిచినవాళ్ళదే కప్పు. నువ్వు రాసినట్టే, మీ ఇంట్లో ఉంటూ మీ జట్టుకు ఆడే లవాన్‌ని ఇక్కడికి రాగానే భోజనానికి పిలిచాను.

ఆ పిల్లది దక్షిణాది కదా, వాళ్ళ పద్ధతి నాకేం తెలుసు? "ఇంకో బంగాళాదుంప రొట్టె వేయనా?" అంటే "అలాగేనండి" అంది. "కాస్త పంది మాంసం?" "అలాగేనండి." "ఆపిల్ పై?" "అలాగేనండి." మన నార్వే వాళ్ళ ఇళ్ళల్లో రెండుసార్లు వద్దని, మూడోసారి కదా పళ్ళెం ముందుకు జరిపేది! ఈ పిల్ల ఒక్కసారైనా వద్దనలేదు. ఎక్కడ ఆపాలో నాకూ తెలియలేదు, తనకూ తెలియలేదు. మర్నాడు ఆటలో అందరూ పరుగెత్తే చోట తను నడిచి వెళ్ళింది. మొదటి రెండాటలూ మావే.

ఇంకో సంగతి. మా ఇంట్లో ఉంటున్న డొరీన్, అదే, మా జట్టుకు బంతి విసిరే పిల్ల. తల్లీతండ్రీ లేరు. ఆటలైపోతే కెనడాలో బాబాయి పొలానికి వెళ్ళాలి. అక్కడ తన కోసం ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు. ఈ శీతాకాలం నా దగ్గరే ఉండిపొమ్మని అడగాలని ఉంది. ఐనార్ వెళ్ళాక ఈ ఇంట్లో గడియారం తప్ప మాట్లాడే దిక్కు లేదు. ఆట మధ్యలో పిల్ల మనసు చెదరకూడదని, కప్పు తేలేదాకా ఆగుతున్నాను.

నీ అక్క,
బోర్గిల్డ్

తా.క. మిగిలిన ఆపిల్ పై తీసుకెళ్తావా అని లవాన్‌తో మాటవరసకి అన్నాను. తీసుకెళ్ళింది. పళ్ళెంతో సహా.

*

హార్టన్

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. నా పిల్లకి అన్నం పెట్టమన్నాను గానీ, పండక్కి పందిని మేపినట్టు మేపమన్నానా? లవాన్ వాళ్ళ వైపు పెద్దవాళ్ళు పెట్టింది వద్దంటే మహా తప్పట. నీ మర్యాద కొద్దీ నువ్వు వడ్డిస్తూ పోయావు, తన మర్యాద కొద్దీ తను తింటూ పోయింది. ఓడింది మాత్రం మా ఊరు. "మీ అక్కకి బ్యాటు పట్టుకోవడం రాకపోయినా ఆట బాగానే వచ్చు" అని చర్చిలో ఆడవాళ్ళు నన్ను దెప్పుతున్నారు.

రేపు మీ డొరీన్ ఇక్కడికొస్తోంది. నేనూ భోజనానికి పిలుస్తాను. కానీ నేను నీలా కాదు. ఒక్కసారి అడుగుతాను. ఏం చెబితే అదే.

నీ చెల్లెలు,
రాగ్నా

తా.క. మా పాస్టరుగారు మా జట్టు కోసం ప్రార్థన చేశారు. మీ జట్టుకు కీడు కోరలేదు. కాస్త అలసిపోతే చాలన్నారు.

*

ఎల్మ్‌డేల్

రాగ్నాకు,

పరాయి ఊరి నుంచి వచ్చిన పిల్లని పస్తు పెట్టి పంపావు! మన అమ్మ వింటే ఏమనుకునేది?

డొరీన్ మా ఇంటికి వచ్చిన కొత్తలో ఏది పెట్టినా వెంటనే సరే అనేది. అలా కాదమ్మా అని నేనే పక్కన కూర్చోబెట్టుకుని మన పద్ధతి నేర్పాను. ఇప్పుడు నాకంటే చక్కగా వద్దంటుంది. నువ్వు "మాంసం వేయనా?" అన్నావట. తను "వద్దండీ" అందట. నువ్వు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయావట! మళ్ళీ వస్తావని ఖాళీ పళ్ళెం ముందు చేతులు కట్టుకుని కూర్చుందట. నువ్వు వచ్చావట. వచ్చి ఆ పళ్ళెం కూడా తీసేశావట!

బయట భోజనానికి వెళ్ళినవాళ్ళకి జట్టు దిగిన హోటల్లో వండరు. మర్నాడు ఆట మధ్యలో కళ్ళు తిరిగి కూలబడింది. ఆ ఆటా పోయింది, ఆ దిగులుతో మా జట్టు తర్వాతి రెండాటలూ పోగొట్టుకుంది. ఇప్పుడు మీవి మూడు, మావి రెండు. సంతోషమేనా?

బోర్గిల్డ్

తా.క. మీ పాస్టరుగారి ప్రార్థన మా పాస్టరుగారికి చదివి వినిపించాను. ఆయన వెళ్ళి ఆరో ఆటకు టికెట్టు కొనుక్కున్నారు.

*

హార్టన్

ప్రియమైన అక్కకు,

ప్రభువు సాక్షిగా కావాలని చేయలేదు. ఆ పిల్ల "వద్దండీ" అన్నప్పుడు రెండోసారి అడగడం నా నాలుక చివరిదాకా వచ్చింది. నీకు అంత గట్టిగా రాశాను కదా అని మింగేశాను. పిల్ల ఆకలి నా వల్లే అయితే దేవుడు నన్ను క్షమించాలి.

కానీ అక్కా, ఒక మాట విను. మన మొహమాటాలు ఈ కాలం పిల్లల నెత్తిన పెట్టకూడదు. ఏదైనా ఒక్కసారి అడగాలి, వాళ్ళ నోటి మాట నమ్మాలి. డొరీన్‌ని ఉండిపొమ్మని అడిగేటప్పుడూ ఇది గుర్తుంచుకో. మరీ మరీ అడిగావనుకో, పాపం కాదనలేక ఒప్పుకుంటుంది. చలికాలమంతా ఇష్టం లేకుండా నీ ఎదురుగా కూర్చుంటుంది. అది నువ్వు భరించలేవు.

రాగ్నా

తా.క. నీ ఆపిల్ పై పళ్ళెం లవాన్ చేత పంపుతున్నాను. దయచేసి నింపి ఇవ్వకు.

*

ఎల్మ్‌డేల్

ప్రియమైన రాగ్నాకు,

కప్పు మాదే. ఆరో ఆట తేలిగ్గానే గెలిచాం. ఏడో ఆట మాత్రం పదకొండో ఇన్నింగ్స్ దాకా సాగింది. అప్పటికీ ఎవరికీ ఒక్క పరుగూ లేదు. మీ లవాన్ బ్యాటు పట్టుకుని నిలబడితే మా ఊరివాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. డొరీన్ మూడు బంతుల్లో అవుట్ చేసి పంపేసింది. వెంటనే మా పిల్ల ఒకతె, వాళ్ళకి ఆ పొట్టి గౌన్లేమిటో, మోకాళ్ళు చీరుకుపోయేలా జారి ఒక్క పరుగు తెచ్చింది. లవాన్ మంచిది. ఓడిపోయి కూడా వచ్చి డొరీన్‌ని కావలించుకుంది.

ఆ సాయంత్రం నేను గిన్నెలు కడుగుతున్నాను, డొరీన్ తుడుస్తోంది. "ఈ చలికాలం నా దగ్గరే ఉండిపోతావా తల్లీ?" అని అడిగాను.

"వద్దమ్మా, మీకెందుకు శ్రమ" అంది.

నువ్వు రాసింది గుర్తొచ్చింది. "సరే, నీ ఇష్టం" అన్నాను. తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ చాలాసేపు తుడిచింది.

ఇవాళ రైలెక్కించి వచ్చాను. పిల్ల మాట నమ్మడమే మంచిదన్నావు, నమ్మాను. దేవుడి చిత్తం.

అక్క

తా.క. అలవాటుకొద్దీ ఇద్దరికీ కాఫీ కాచాను. ఈ రేషన్ రోజుల్లో పారబోయలేక రెండు కప్పులూ నేనే తాగాను.

*

హార్టన్

ప్రియమైన అక్కకు,

నీ దగ్గర్నుంచి ఉత్తరమేదీ ఇంకా అందలేదు. అందకపోయినా జరిగిందంతా తెలిసింది. రైలు మారడానికి డొరీన్ ఇక్కడ దిగితే, స్టేషన్లో లవాన్ చూసి ఇంటికి లాక్కొచ్చింది. నా వంటింట్లో కూర్చుని ఒకటే ఏడుపు.

"ఏమైందే?" అన్నాను.

"అమ్మ ఒక్కసారే అడిగారండీ. నేను నిజంగా కావాలని ఆవిడకి ఉంటే మూడుసార్లు అడిగేవారు కదా!"

అక్కా, సలహా నాది, బుద్ధి లేనిదీ నాకే. ఇక మన పద్ధతిలోకి దిగాను.

"ఎల్మ్‌డేల్‌కి తిరిగి వెళ్తావా?"

"వద్దండీ, బాగుండదు."

"వెళ్తావా?"

"ఆవిడకి ఇబ్బంది అండీ."

మూడోసారి నోరు తెరిచానో లేదో, కోటు వేసేసుకుంది.

అది చూసి నాకూ మనసు కరిగి, "నువ్వు కూడా చలికాలం ఇక్కడే ఉండరాదూ" అని లవాన్‌తో మాటవరసకి అన్నాను. "అలాగేనండి" అంది.

నీ చెల్లెలు,
రాగ్నా

తా.క. ఈ ఉత్తరానికి స్టాంపు లేదు, చూశావా? తెచ్చిన మనిషి నీ గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి రమ్మను. రెండుసార్లు వద్దంటుంది, పట్టించుకోకు.