రెండు సంపులు

జూన్ 8, ఆదివారం

ప్రార్థన అయ్యాక జగ్గయ్యపేటలో భోజనం. మామయ్య ఈ నెలంతా చిన్నకూతురు శిరీష దగ్గరే. కొత్త ఇల్లు కదా... కింద సెల్లార్, పైన గ్రానైటు. అన్నం ముందు మామయ్య ప్రార్థన చేశారు. చిన్నల్లుడు రాజేష్ పేరు రెండుసార్లు వచ్చింది. శిరీష పేరు వచ్చింది, మా ఆవిడ సునీత పేరు వచ్చింది. నేను "మిగతా పిల్లలు"లో ఉన్నాను. పెద్దల్లుణ్ణి. మిగతా పిల్లలట!

చేతులు కడుక్కుంటుంటే మా తోడల్లుడు గారి ప్రకటన. హాల్లో ఆరడుగుల అక్వేరియం పెట్టిస్తున్నాడు. మామూలుది కాదు, సముద్రపు నీళ్ళది. నారింజ రంగు, తెల్ల చారల చేపలు. "అప్పుడు ఫోన్లో మీరు చూపించారు గదా అన్నయ్యా, అవే."

నేనే చూపించాను. నా నోరు పడిపోను.

జూన్ 9, సోమవారం

ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతున్నాను. సముద్రపు చేపని సీసాలో, మందునీళ్ళలో, రంగు పోయాక చూపించడమే. ఇంట్లో రెండడుగుల తొట్టి, నాలుగు గోల్డ్‌ఫిష్. ఆ చారల చేపల మీద నా ఆశ పదకొండేళ్ళది. వాడిది పది రోజులది. ముక్త్యాల సిమెంటు లారీలు తిప్పుకునేవాడికి మొప్పకీ రెక్కకీ తేడా తెలుసా అసలు?

కుళ్ళు. అవును, కుళ్ళే. ఇక్కడ కాక ఇంకెక్కడ రాసుకోను.

జూన్ 11, బుధవారం

రాజేష్ ఫోను. పైపులు ఎలా వెయ్యాలో నేనే రాసివ్వాలట, ప్లంబరు మస్తాన్‌కి ఇస్తాడట. కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే, రాస్తుంటే హాయిగా ఉంది. మూడు కాగితాలు చించి నాలుగోది ఉంచాను. బొమ్మ, బాణాలు, కింద నా అందమైన చేతిరాత — "తొట్టిలో పొంగిన నీళ్ళు పైపులో కింద సంపులోకి. సంపులోంచి మోటారుతో మళ్ళీ పైకి."

సంపు అంటే చేపలవాళ్ళ భాషలో గాజు పెట్టె. సెల్లార్లో ఓ మూల పెడతారు, నీళ్ళు అందులో శుభ్రపడి పైకి పోతాయి. అది విజయవాడ నుంచి ఇంకా రావాలి.

జూన్ 15, ఆదివారం

వెళ్ళలేదు. తలనొప్పి అని సునీత చేత చెప్పించాను. తలనొప్పేం లేదు.

జూన్ 19, గురువారం

ఉండబట్టలేక, కాలేజీ నుంచి నేరుగా జగ్గయ్యపేట బస్సెక్కాను. సెల్లార్ గేటు తీసే ఉంది. మేడ మీదికి వెళ్ళకుండా ముందు కిందికే దిగాను. ఎవరూ లేరు. పైపు పని అయిపోయింది. వంపులు, బిగింపులు, అన్నీ ముచ్చటగా చేశాడు మస్తాన్. పైపు వెంటే చూసుకుంటూ పోయాను. అది మూలకి పోలేదు. నేల మీది ఇనుప మూత దగ్గరికి పోయి, అందులోకి దిగింది. మోటారు పైపు కూడా అందులోంచే పైకి.

ఇంటి సంపు! కుళాయి నీళ్ళు పట్టి ఉంచుకునే సంపు. వంటకీ స్నానానికీ పై ట్యాంకుకి ఎక్కే నీళ్ళు.

మస్తాన్ తప్పేముంది? ఈ చుట్టుపక్కల ఏ ప్లంబరుకైనా సంపు అంటే అదొక్కటే. నీళ్ళు సంపులోకి, సంపులోంచి మోటారుతో పైకి — ప్రతి ఇంట్లో జరిగేదే గదా. గాజు పెట్టె అన్న మాట నేను రాయలేదు. మోకాళ్ళ మీద కూర్చుని మూత ఎత్తి చూశాను. పచ్చి సిమెంటు ప్యాంటుకి అంటింది.

పైకెళ్ళి చెప్పాలి కదా. చెప్పలేదు. ఎవరికీ కనబడకుండా వచ్చిన దారినే వచ్చేశాను. బస్సులో నందిగామ దాకా నవ్వొస్తూనే ఉంది.

జూన్ 20, శుక్రవారం

మోకాళ్ళ దగ్గర మరక పోవడం లేదని సునీత గొణుగుడు. కాలేజీలో గోడ కడుతున్నారని చెప్పాను.

జూన్ 21, శనివారం

రాజేష్ ఫోను. విజయవాడ నుంచి గాజు పెట్టె వచ్చిందట, మూడు అరలున్నాయి, ఇదెందుకు అన్నయ్యా అని. మాట నోటిదాకా వచ్చింది. అంతలో వెనకనుంచి మామయ్య గొంతు... రాజేష్ పట్టుకున్నాడంటే ఏ పనైనా అయిపోవాల్సిందేనని ఎవరితోనో చెబుతున్నారు.

పక్కన పెట్టు, తర్వాత చూద్దాం అన్నాను.

జూన్ 22, ఆదివారం

ఉప్పు కలిపి తొట్టి నింపారట. మోటారు కూడా వేశారట. వీడియో పంపాడు. నీలం లైటు, తళతళా నీళ్ళు. చూసి మూసేశాను. మళ్ళీ తీసి చూశాను. ఎంత బాగుందో, వాడి దుంపతెగ.

జూన్ 24, మంగళవారం

శిరీష ఫోన్ చేసి సునీత దగ్గర ఒకటే ఏడుపు. పప్పు ఉప్పగా, చారు ఉప్పగా. కుళాయిలో బోరు నీళ్ళు కలిశాయేమో అనుకుంటున్నారట. తాగేది క్యాన్ నీళ్ళే గానీ వండేది ఇంటి నీళ్ళతో. మామయ్యకి బీపీ, అసలే ఉప్పు పడదు. ఈ పిల్లకి చెయ్యి అదుపులో ఉండదని అందరి ముందూ అన్నారట.

నవ్వు రాలేదు ఇవాళ.

జూన్ 25, బుధవారం

మామయ్యకి కళ్ళు తిరిగాయి. డాక్టరు బీపీ బాగా పెరిగిందని చెప్పి, ఉప్పు తగ్గించమన్నారట. శిరీష రెండు రోజులుగా ఉప్పు వెయ్యడమే మానేసింది. ఇంకేం తగ్గిస్తుంది?

వంట కూడా క్యాన్ నీళ్ళతోనే చెయ్యమని చెప్పు అన్నాను సునీతతో. ఎందుకని అడిగింది. ఊరికే, మంచిది కదా అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి ఫోన్ తీసింది.

పిరికి వెధవని. సగం చెప్పాను. అసలు సగం కడుపులోనే ఉంది.

జూన్ 26, గురువారం

సాయంత్రం గుమ్మం ముందు రాజేష్ కారు. చేతుల్లో థర్మోకోల్ పెట్టె. చేపలు తెచ్చినతను సెల్లార్ చూసి, ఇది ఇంటి సంపు కదా సార్ అన్నాడట. అంతా బయటపడింది. పైన తొట్టిలో ఉప్పు చాలక చేపలు బతకవు, కింద కుళాయిలో ఉప్పు. చేపల్ని వెనక్కి పంపితే దారిలోనే పోతాయి. అందుకని నా దగ్గరికి తెచ్చాడు.

గోల్డ్‌ఫిష్‌ని బకెట్లోకి మార్చాం. తొట్టి కడిగి, అతనిచ్చిన ఉప్పునీళ్ళు పోశాం. కవరు విప్పితే రెండు చారల చేపలు... నా తొట్టిలో. రాజేష్ కింద కూర్చుని వాటిని కాదు, నన్ను చూస్తున్నాడు.

"ముందే మీకు కొనిపెట్టాల్సింది అన్నయ్యా. ఆశ మీది. నేనేదో మీలాగా చేద్దామనుకున్నా. మీరు రాసిచ్చింది సరిగ్గా చదువుకోకుండా మస్తాన్‌కి ఇచ్చేశా, తప్పు నాదే."

మస్తాన్‌ని ఇంక పనికి పిలవనని కూడా అన్నాడు. క్యాన్ నీళ్ళ సంగతి మీరు చెప్పబట్టి మామయ్య తేరుకున్నారన్నాడు. నేనొక్కసారి వచ్చి చూసుంటే అప్పుడే పట్టేసేవాణ్ణట.

ఎవరూ అడగలేదు. నేనే అన్నాను —

"నేనసలు ఆ సెల్లార్ మొహమే చూడలేదు రాజేష్."

సునీత టీ కప్పులతో వంటింటి గుమ్మంలో ఉంది. కప్పులు పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ 27, శుక్రవారం

రెండూ మేత తింటున్నాయి. గంటసేపు వాటి ముందే కూర్చున్నాను. పదకొండేళ్ళు ఎదురుచూసింది ఇందుకే. ఒక్క నిమిషం కూడా హాయిగా చూడలేకపోయాను.

జూన్ 28, శనివారం

మస్తాన్‌నే పిలవమని రాజేష్‌కి ఫోన్ చేసి బతిమాలాను. సరే, రేపే పిలుస్తాను, మీరు దగ్గరుండి చేయించండి అన్నాడు. మీది ఎంత మంచి మనసు అన్నయ్యా అన్నాడు.

సునీత మాట్లాడటం లేదు. వంట చేస్తోంది, పెడుతోంది. మాటే లేదు.

జూన్ 29, ఆదివారం

గంజి పెట్టిన చొక్కా కోసం చూస్తే, కుర్చీ మీద దాంతోపాటు సిమెంటు మరకల ప్యాంటు కూడా ఉంది. ఇస్త్రీ చేసి, మడతపెట్టి. సునీత నోరు విప్పి అన్న మాట ఒక్కటే, సెల్లార్లో పని కదా, ఇదైతే పాడైనా పర్వాలేదని. అది సంచిలో పెట్టుకుని ప్రార్థనకి, అక్కణ్ణించి జగ్గయ్యపేటకి.

ప్యాంటు మార్చుకుని వచ్చేసరికి వడ్డించేశారు. మామయ్య చిక్కిపోయారు. అయినా ప్రార్థన ఆయనే చేస్తానన్నారు. ఈసారి ముందు నా పేరు. దూరాన ఉండి కూడా ఈ ఇంటి నీళ్ళలో తేడా కనిపెట్టి కాపాడిన బిడ్డ అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను కళ్ళు తెరిచేసరికి సునీత అప్పటికే కళ్ళు తెరిచి, నా మోకాళ్ళ వైపు చూస్తోంది.

కింద మస్తాన్ పైపు కోస్తున్నాడు. జేబులో నా కాగితం ఉందట, సారు రాసినట్టే చేశానండీ అని ఉదయం నుంచి అందరికీ చూపిస్తున్నాడట. అన్నం సయించలేదు. లేచాను. లైటు వేస్తానుండమని, మెట్లు నాకు కొత్తని రాజేష్ ముందు దిగబోయాడు.

"ఆయనకి దారి తెలుసులే," అంది సునీత.

రాజేష్ నవ్వాడు. ఏం అర్థమైందో, ఏం కాలేదో. నేను దిగాను. పైపు మార్చడం అయ్యేసరికి సాయంత్రమైంది. మస్తాన్ కాగితం తీసి నా చేతికే ఇచ్చాడు. ఇంటికి తెచ్చాను, ఈ పేజీ మధ్యలో పెట్టాను.

ఇంకా చెప్పలేదు.