చుక్కావు అమ్మకం ఆపమని

చీపురుపల్లి.
చిరంజీవి తమ్ముడు మోహనకృష్ణకు అక్క జగదీశ్వరి దీవెనలు.

మేత లేక చుక్కావును సంతకు తోలబోతున్నావని మరదలు విశాలి చెప్పింది. పాపకు ఆ పాలే కదా, రెండు నెలలు ఆగు. ఫోనులో చెబితే కొలతలు మరచిపోతావని కార్డు రాస్తున్నాను.

తడిని మట్టిలో పట్టి ఉంచే జెల్ గుళికలను ఇక్కడి రైతు దేముడమ్మ చేత పశుగ్రాస జొన్నకు వేయించాను. సగం చేనులో నా ఎదుటే సాలులో వేసింది. మిగతా సగంలో, నేను లేనప్పుడు, యూరియాలాగ పైన చల్లింది. వాన పడగానే గుళికలు ఉబ్బాయి, కోళ్లు మూగాయి.

“సూడమ్మా, సేనంతా సగ్గుబియ్యం పాయసం వండీసినావు! ఆవుకి గడ్డి అడిగితే నాకు గరిటి ఇస్తావేటి?” అని నవ్వింది.

వేళ్లకు తడి అందడానికే లోతున వేయాలని ముందే చెప్పకపోవడం నా తప్పు. ఆపైన పద్దెనిమిది రోజులు వాన లేదు. పైన చల్లిన సగం వాడిపోయింది. సాలులో వేసిన సగం పచ్చగా నిలిచింది, నిన్న కోత మొదలైంది.

నువ్వు ఎకరాకు రెండు కిలోల గుళికలు పొడి మట్టిలో కలిపి, నాలుగు వేళ్ల లోతున వేసి, పైన జొన్న విత్తు. వాడిన లేత జొన్న మాత్రం ఆవుకు పెట్టకు, విషం.

వాములో ఎండుగడ్డి ఎంత ఉంది? పాప దగ్గు తగ్గిందా?

వానే పడకపోతే ఈ గుళికలు నీటిని పుట్టించలేవు. అప్పుడు కూడా సంతకు తోలవద్దు. వానలు వచ్చేదాకా చుక్కావును తన పాకలో కట్టి, ఈ కోసిన జొన్నతో మేపుతానని దేముడమ్మ మాట ఇచ్చింది.

అందరూ చల్లగా ఉండండి.