మింజీ పియానో పక్కన

పెనుకొండ,
ఆదివారం.

నాయనకు,

నీ కూతురు వరలక్ష్మి దండం పెట్టి రాసేది. నువ్వెట్లున్నావు? కంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగా ఆనుతోందని చిన్నాన్న చెప్పాడు. అందుకే ధైర్యం చేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ చేస్తే నీకు వినబడదు, పక్కనున్నవాళ్లు విని నీ చెవిలో అరిచి చెప్పాలి. ఇది అట్లా చెప్పే సంగతి కాదు. నిదానంగా నువ్వే చదువుకో. ఎవరితోనూ చదివించుకోవద్దు.

నేను బాగున్నాను, దిగులు పడొద్దు. గుడిబండలో వాన పడిందా? గొర్రెలు ఎన్ని ఈనాయి? ఇక్కడ కొండ వేడి సాయంత్రమైనా దిగదు. కార్ల ఫ్యాక్టరీ కొరియావాళ్ల ఇంట్లో పని అని నీకు తెలుసు కదా. వాళ్లు మూడు పూటలా క్యాబేజీ ఊరగాయ తింటారు. నేను ఆదివారం సంగటి చేసుకుంటే వాళ్ల పాప మింజీ వచ్చి నా పక్కన కూర్చుంటుంది. దానికి ఎనిమిదేళ్లు. తెలుగు నా దగ్గరే నేర్చుకుంది కాబట్టి అచ్చం మన ఊరి పిల్లలాగే మాట్లాడుతుంది.

వాళ్ల హాల్లో పియానో ఉంది నాయనా. హార్మోనియానికి ఉన్నట్టే మెట్లు ఉంటాయి కానీ చాలా ఎక్కువ, రెండు చేతులతో వాయించాలి. బెంగళూరు టీచరమ్మ వారానికోసారి కంప్యూటర్లో పాఠం చెబుతుంది. మిగతా రోజులు ఇంట్లో అరగంట వాయించాలి. వాళ్లమ్మ పక్కన కూర్చుంటే రోజూ గొడవే. ఆమె గసరడం, ఈ పిల్ల మూత ధడేలున వేసి ఏడవడం. ఒకరోజు మింజీ నా దగ్గరికి వచ్చింది.

"ఇంక నువ్వు కూర్చోవాలంట అక్కా. అమ్మ చెప్పింది."

"దాని గురించి నాకేం తెలుసు పాపా?"

"తెలీకపోతేనే మేలు. నువ్వు తిట్టలేవు."

అట్లా మొదలైంది. మొదటి వారంలోనే ఒకరోజు మింజీ ఒకే చోట నాలుగుసార్లు తప్పింది. నా చెయ్యి లేచింది. కొట్టాలని అనుకోలేదు, కానీ లేచింది. మింజీ రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుంది. నా భవ్య కూడా అట్లాగే ముడుచుకునేది. లేచిన చేతిని ఏం చేయాలో తెలియక దాని నుదుటి మీద పెట్టాను.

"ఏం చూస్తాండావు?"

"జ్వరమేమోనని."

"జ్వరం లేదు. ఇది కష్టంగా ఉండాది, అంతే."

చెయ్యి తీసేశాను. "అయితే కొంచెమే చేద్దాం. ఒక్క చెయ్యి, ఒక్క వరస," అన్నాను. పది శనక్కాయలు వరసగా పెట్టాను. సరిగ్గా వాయించిన ప్రతిసారీ ఒకటి తినొచ్చు. కుడిచెయ్యి కుదిరాక ఎడమచెయ్యి, అది కూడా కుదిరాక రెండూ. అలసిపోతే నన్ను కూర్చోబెట్టి నాకు నేర్పేది. నేను తప్పు మెట్టు నొక్కితే పకపకా నవ్వి, "కోపం లేదులే, మళ్లా వాయించు," అనేది. ఆ మాటలు అది నా దగ్గరే నేర్చుకుంది. నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో తెలియదు. నా బిడ్డకు మాత్రం ఒక్కసారీ అనలేదు.

పోయిన నెల బెంగళూరులో టీచరమ్మ పిల్లలందరూ ఒక హాల్లో వాయించారు. మింజీ ధర్మవరం పట్టు లంగా కావాలని పట్టుబట్టి కట్టించుకుంది. మధ్యలో ఆగిపోయింది నాయనా. అంతమందిలో నా కోసం వెతికింది. నేను కుడిచెయ్యి ఎత్తి చూపించాను. అది తల ఊపి, ఒక్క కుడిచేత్తో మళ్లీ మొదలుపెట్టి, తర్వాత ఎడమచెయ్యి కలిపి, కడదాకా వాయించింది. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని వాళ్ల భాషలో ఏదో అంది.

"నీకు పిల్లలుండారా అని అడుగుతాండాది," అని మింజీ చెప్పింది. "ఉంటే వాళ్లు అదృష్టవంతులంట."

"లేరు," అన్నాను.

ఏడేళ్లు పెంచిన పిల్లను ఒక్క మాటతో లేదనేశాను. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఇంక నీకు చెప్పకుండా ఉండలేను.

భవ్యకు జ్వరం వచ్చినప్పుడు నువ్వు గొర్రెలతో బుక్కపట్నం చెరువు వైపు పోయి ఉన్నావు. ఆ సాయంత్రం ఎక్కాలు చదివిస్తున్నాను. ఏడో ఎక్కం రావడం లేదు. "తల నొస్తాండాది మా," అంది. చదువు ఎగ్గొట్టడానికి నాటకాలాడుతోందని వీపు మీద రెండు దెబ్బలు వేశాను. వేసిన చేతికి వేడి తగిలింది. ఎండలో ఆడుకుని వచ్చిందిలే అనుకున్నాను. తెల్లారి లేపితే లేవలేదు. ఆటోలో హిందూపురం చేరేసరికి మాట పడిపోయింది. డాక్టరు జ్వరం ఎప్పటి నుంచి అని అడిగితే ఈ పొద్దే అని చెప్పాను. నీకూ అదే చెప్పాను. ముందు రోజే తీసుకుపోయి ఉంటే బతికేదో లేదో నాకు తెలియదు. మూడో రోజు పోయింది.

నా కూతురు చేయగలిగిందంతా చేసింది అని నువ్వు ఊరందరితో చెప్పేవాడివి. ఆ మాట వినలేకే ఊరు వదిలాను. జీతం కోసమని నీతో అబద్ధం చెప్పాను.

బెంగళూరు నుంచి వచ్చిన మరునాడు మింజీకి చెప్పాను, నాకొక పాప ఉండేదని, పేరు భవ్య అని, జ్వరంతో పోయిందని. అది పియానో మెట్టు మీద వేలు పెట్టి అడిగింది.

"ఆ పాపకు పియానో వచ్చునా?"

"రాదు. ఏడో ఎక్కం గూడా రాలేదు."

"అది నాకూ రాదు," అంది మెల్లగా.

వాళ్ల నాయనకు బదిలీ అయింది. వచ్చే నెల వాళ్ల దేశం వెళ్లిపోతున్నారు. బెంగళూరులో తెలిసినవాళ్ల ఇంట్లో నాకు పని చూశారు. అక్కడికి పోవాలా, మన ఇంటికి రావాలా నువ్వే చెప్పు. ఇదంతా చదివాక కూడా రమ్మంటే వస్తాను. వద్దంటే నీ తప్పేం లేదు, నేను బాగానే ఉంటాను. భవ్య బడిసంచి అటక మీద ఉంది, వానకు తడవకుండా చూడు. ఎవరికీ ఇవ్వొద్దు. అవ్వకు, చిన్నాన్నకు నా దండాలు చెప్పు. మాత్రలు మానొద్దు.

ఉత్తరం చివర పెద్దల ఆశీర్వాదం అడగడం వాడుక. నేను వాడుక కోసం అడగడం లేదు నాయనా, నిజంగా కావాలనే అడుగుతున్నాను.

నీ కూతురు,
వరలక్ష్మి