అమ్మ వేలిముద్ర ఎవరికీ ఇవ్వవద్దు

విశాఖపట్నం, మంగళవారం

చిరంజీవి ఫల్గుణకు అన్న దీవెనలు, నేను క్షేమం. కింది కోర్టులో మనం గెలిచిన కాఫీ తోట మీద షావుకారు వేసిన అప్పీలు సోమవారానికి వాయిదా పడింది.

నిన్న కోర్టు వరండాలో అతని గుమాస్తా నన్ను ఆపి, "మేస్టారూ, మీ అమ్మ సాచ్చికం మళ్లీ కావాలంట. ఈ కాయితం మీద ఏలిముద్ర ఏయించీండి, బేగి తేలిపోద్ది" అన్నాడు.

"అప్పీలు కోర్టు కింది కోర్టు రికార్డునే పరిశీలిస్తుంది. ప్రత్యేక కారణం లేనిదే కొత్త సాక్ష్యం తీసుకోదు. మరి ఇది దేనికి?" అని అడిగాను.

"రాత్రిబడి సదువు బాగానే ఒంటబట్టిందే!" అని నవ్వి కాగితం మడిచాడు. మడతలో 'రాజీ' అన్న మాట నా కంటబడింది.

అతడు ముంచింగిపుట్టు సంతకు వచ్చి మన ఇంటికీ రాగలడు. ఇంట అంబలి తాగిన మనిషిని అమ్మ అనుమానించదు. అంబలి పోయమను, వేలు మాత్రం ఇవ్వవద్దను.

మిరియాల తీగలు పాకించారా? అమ్మ పేరు మీది తోట పట్టా ట్రంకుపెట్టెలోనే ఉన్నదా? కవరుకు బదులు కార్డు తెలిసే రాశాను. దారిలో ఎవరు చదివినా మంచిదే, వాళ్లూ జాగ్రత్తపడతారు. తీర్పులో తప్పుంటే పై కోర్టు దిద్దగలదు. రాజీపడ్డామని మనమే ముద్ర వేసి ఇస్తే దానికి అప్పీలు దొరకదు. అమ్మకు ఇది రెండుసార్లు చదివి వినిపించు. ఆమెకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

అన్న,
కిల్లో ధనుంజయ్