ఫ్యూజు పెట్టె ఖాళీగా ఉంటే

ఆళ్లగడ్డ,
మార్చి, 1983.

చిరంజీవి దేవరాజుకు,

నీ రాకపోకలకు ప్రభువు కాపు ఉండాలని దీవించి నీ నాయన రాయునది. ఆయన కృప వల్ల నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాము. బర్రె ఈనింది, పెయ్యదూడ. నువ్వు పంపిన మాత్రలతో మీ అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది. నంద్యాల నీళ్లు నీకు పడుతున్నాయో లేదోనని ఆమెకు దిగులు.

స్టోరులో రబ్బరు చేతొడుగులు లేవు, ఫ్యూజు గ్రిప్పులు లేవు, అడిగితే విసుక్కుంటున్నారని రాశావు. ఐగుప్తు రాజు ఫరో బానిసలకు గడ్డి ఇవ్వకుండానే ఇటుకలు అప్పజెప్పమన్నాడు. ఆ ఫరో సముద్రంలో మునిగి చచ్చాడనుకుంటున్నారు జనం. చావలేదు బిడ్డా! బీరువా తాళాలు పట్టుకుని ప్రతి స్టోరు గదిలోనూ కూర్చున్నాడు. మొన్న ఆదివారం కూడికలో గొంతు చించుకుని ఇదే చెప్పాను. వెనకనుంచి మీ అమ్మ, "మెల్లగా చెప్పు, ఫరోకేం చెవుడు లేదు" అనింది. అందరూ నవ్వారు.

చేతొడుగులు నేను లైన్‌మెన్‌గా చేసిన కాలంలోనూ అంతే. సెక్షనుకంతా ఒక జత, అదీ చిల్లులది. లైను చచ్చిందని, కరెంటు లేదని తేల్చుకోకుండా మాత్రం చెయ్యి చాపవద్దు. దేవుని మందసం పడిపోతుందని మంచి మనసుతోనే ఉజ్జా చెయ్యి చాపాడు. తాకిన చోటే చచ్చాడు.

నీకు పని నేర్పిన మోటారు మెకానిక్ ఓబయ్య మామ గురించి ఎగతాళిగా అడిగావు. ఎవరైనా స్తంభం ఎక్కితే ఆయన ట్రాన్స్‌ఫార్మరు కింద కాపలా కూర్చుంటాడని, ఎక్కినవాడు దిగేదాకా మంచినీళ్లు కూడా ముట్టడని, పిచ్చేమోనని రాశావు. పిచ్చి కాదు. చెప్తాను.

గడివేముల దారిలో ఫ్యూజు పెట్టె ఖాళీగా కనపడితే, గ్రిప్పులు ఇంకో ఊరికి తీసుకుపోయి ఉంటారని, వాటి బదులు రాగితీగ చుట్టి కరెంటు ఇచ్చానని, రైతులు నిన్ను భుజాన ఎత్తుకున్నారని సంబరంగా రాశావే, అది చదివినప్పటినుంచి నాకు అన్నం దిగడం లేదు. ఆ వేళ స్తంభాల మీద ఎవరూ లేరు గనుక నిన్ను భుజాన ఎత్తుకున్నారు బిడ్డా.

మీ మేనమామ యేసురత్నం మీద పైలైను తెగి పడిందని నీకు చెప్పాము. తెగలేదు.

ఆ రోజు ఇద్దరం కలిసే పనికి పోయాము. కరెంటు ఆగిపోయేలా ట్రాన్స్‌ఫార్మరు పెట్టెలోని పింగాణీ గ్రిప్పులు మూడూ పీకి అతను తన సంచిలో వేసుకున్నాడు. ఎక్కేవాడి ప్రాణం ఎక్కేవాడి దగ్గరే ఉండాలని లైన్‌మెన్ల ఆచారం. పెట్టె ఖాళీగా ఉంటే పైన మనిషి ఉన్నట్టే. ఊర్లో పసిపిల్లలకు కూడా తెలిసిన గుర్తు అది. అప్పటికే గ్రిప్పులకు కరువొచ్చి, ఒక ఊరివి పీకి ఇంకో ఊరికి పెట్టసాగాము. ఎక్కడ చూసినా ఖాళీ పెట్టెలే. ఆ గుర్తుకు అర్థం పోయింది.

ట్రాన్స్‌ఫార్మరుకూ మా స్తంభానికీ నడుమ నిలువెత్తు జొన్నచేను. నేను కింద తాడు పట్టుకుని ఉన్నాను.

"బావా, ఈడినుంచి మీ ఇల్లు కనపడతాంది. అక్క మిరపకాయలు ఎండబోస్తాంది" అన్నాడు పైనుంచి.

"ముందు పని చూడ్రా, మిరపకాయలు యాడికీ పోవు" అన్నాను.

చేను అవతల మోటారు మోగింది. నీళ్లొచ్చాయని రైతులు కేకలేశారు. నేను తల ఎత్తేలోపలే అయిపోయింది.

తీగ చుట్టింది ఓబయ్య. చేనుకు అడ్డంబడి పరుగెత్తి వచ్చి, చూసి, నా కాళ్ల మీద పడ్డాడు. "గ్రిప్పులు చాగలమర్రికి తీసకపోయినారనుకున్న్యా అన్నా! పైన మనిషుండాడని నాకేం తెలుసు?" అని నేలకు తల కొట్టుకున్నాడు. అతనికి నిజంగానే తెలియదు. లైను తెగిందని ఊరికి చెప్పింది నేను, వాక్యం చెప్పే ఈ నోటితోనే. రైతులూ నోరు మెదపలేదు.

కూడిక అయ్యాక ప్రతి ఆదివారం మీ అమ్మ ఓబయ్యకు అన్నం పెడుతుంది. "తల ఎత్తి తినన్నా, కూరేమన్నా చేదుగుండాదా?" అంటుంది. అతను ఎత్తడు.

ఎక్కడ మోటారు మోగినా నా తల దానంతట అదే పైకి లేస్తుంది. "బావా" అని వినపడుతుంది. "నాకూ వినపడతాదన్నా. ఎవురూ లేని స్తంభం మీదనుంచి 'దిగుతాండా' అంటాడు. దిగడు" అన్నాడు ఓబయ్య మొన్న. దయ్యాలు లేవని ఊరూరా ప్రసంగించేది నేనే.

ఈస్టరు వస్తోంది. ఖాళీ సమాధి చూసి మగ్దలేనే మరియ కూడా ప్రభువు దేహాన్ని ఎవరో ఎత్తుకుపోయారనే అనుకుంది. ఆ చోటికి వచ్చేసరికి ప్రతి ఏడూ నా నాలుక తడబడుతుంది.

ఈ ఉత్తరం ఓబయ్యే తెస్తున్నాడు. యేసురత్నం సంచి, అందులో ఆ గ్రిప్పులు మూడూ అతని చేతిలోనే ఉంటాయి. ఇన్నాళ్లూ నేను ఎవరికీ ఇవ్వలేదు. నువ్వు చుట్టిన తీగ విప్పి, గడివేముల దారి పెట్టెలో వీటిని పెట్టు. అతను కింద కూర్చుంటే నవ్వవద్దు. మీ అమ్మకు పండగలోపల నేనే చెప్తాను. ఆ తర్వాత ఆమె అతనికి అన్నం పెడుతుందో, నాకు కూడా పెట్టదో, దేవుని చిత్తం.

ఖాళీ పెట్టె కనపడితే తీగ జోలికి పోకముందు గట్టిగా కేక వెయ్యి. బదులు రాకపోయినా, ఆ లైను పొడుగునా నడిచి ప్రతి స్తంభం మీదా చూడు. పైన ఎవరున్నారో పేరు తెలియకపోతే, మీ మామ పేరు పెట్టి పిలువు.

ఇట్లు,
నీ కోసం మోకాళ్ల మీద ఉన్న
మీ నాయన,
సుందరరాజు