కుట్టుపని ఉన్న రోజు మానేసిన మాత్ర

బుజ్జీ, నీ మీద ఒళ్ళు మండిపోవడం తప్ప ఇక్కడ నేను క్షేమమే. పోస్టుమాన్ కూడా చదవాలనే కవరు మాని కార్డు రాస్తున్నాను.

సూది గుచ్చుకుంటే రక్తం ఆగక పెళ్ళిగౌన్లకు మరకలవుతున్నాయని, చేతికుట్టు ఉన్న రోజుల్లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర ఎగ్గొడుతున్నావట! "ఒక్క మాత్రకే కొంప మునగదులే" అన్నావని మరిది చెప్పాడు. నీ గుండె లయ తప్పి కొట్టుకుంటోంది, వయసు డెబ్బై, బీపీ, షుగరు, ఆపైన ఆడదానివి, ముప్పు ఇంకా ఎక్కువట. పక్షవాతాన్ని పిలిచి పీట వేస్తావా? అమ్మకు కుడిచెయ్యి పడిపోతే అన్నం తినిపించింది నువ్వే, మరిచావా?

ఈ కార్డు అందగానే డాక్టరుకు చెప్పు. వేలికి తొడుగు పెట్టుకో. మరిదికి దగ్గు తగ్గిందా?

నూరేళ్ళూ చల్లగా కుట్టుకో. నీకు కుట్టమని ఇచ్చిన నా తెల్లజాకెట్టు పంపు. రక్తపు చుక్క పడినా తొడుక్కుంటాను, మచ్చ లేకుండా వచ్చిందో, మళ్ళీ మాత్ర ఎగ్గొట్టావనుకుని తిప్పి పంపేస్తాను.

అక్క