కత్తిరించకూడని అంగీ

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. కుట్టుపని మీద వ్రాస్తున్నాను, శ్రద్ధగా చదువు.

మా చర్చికి కొత్త ఫాదర్‌గారు వచ్చారు. పాత ఫాదర్‌గారు ఆజానుబాహువు. ఈయన నా భుజం దాకా వస్తారు. మొన్న ఆదివారం ఆరాధనలో తెల్ల అంగీ అంచు తొక్కి, బలిపీఠం మెట్ల మీద తూలి, కొవ్వొత్తుల స్తంభాన్ని కౌగిలించుకున్నారు. జనం నవ్వారు. సంఘం పెద్దలు మాత్రం నావైపు చూశారు.

మీ అక్క ముప్పైరెండేళ్ళు ఆ వస్త్రాల గదిని చూసుకుంది. ఆమె పోయాక తాళం నాకిచ్చారు. ఇప్పుడు, "మాస్టారికి పాఠాలు తెలుసు గాని బట్టలేం తెలుసు?" అంటున్నారట. తాళం పోతే ఆమె కిటికీ దగ్గర, ఆమె కుర్చీలో కూర్చునే అధికారం నాకుండదు. కాబట్టి అంగీని అడుగున సరిగ్గా నాలుగు అంగుళాలు కత్తిరించి పంపు. తెగిన ముక్క కూడా పంపు. అది చర్చి సొత్తు.

ఇట్లు,
మీ బావ

తా.క.: నీ గత ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. దిద్ది జతపరిచాను. దర్జీవి గనుక రెండు క్షమించాను.

*

బావగారికి నమస్కారాలు.

అంగీ కత్తిరించాను, ముక్క కూడా పొట్లంలోనే ఉంది, చూసుకోండి. మీరు దిద్దిన ఉత్తరం గోడకి అంటించాను. షాపుకొచ్చినవాళ్ళు అదేదో నా సర్టిఫికెట్ అనుకుంటున్నారు.

ఒక్క మాట బావగారూ. అక్క ఏ అంగీ మీదా కత్తెర పడనిచ్చేది కాదు. ఎందుకే అంటే, "నోటుబుక్కులో రాశాలేరా, చదువుకున్నోళ్ళు చదువుకుంటారు" అనేది. ఆ నోటుబుక్కు మీ దగ్గరేగా ఉంది? ఏం రాసింది?

ఉంటాను,
మీ బావమరిది

తా.క.: కోసేటప్పుడు కత్తెర రెండుసార్లు చేయి జారింది. నలభై ఏళ్ళలో ఎప్పుడూ జారలేదు.

*

బావమరిదికి,

ఆశీస్సులు ఈసారి వాయిదా వేశాను.

నీవు కత్తిరించలేదు! ఆదివారం ఫాదర్‌గారు మళ్ళీ అంచు తొక్కారు. ఈసారి మోకాలి మీద పడ్డారు. అంగీ కొలిచాను. పూర్వపు పొడవే, వెంట్రుకవాసి తేడా లేదు. ఏదో పాత దుప్పటి ముక్క పంపి "తెగిన ముక్క" అన్నావా? పోనీ ఆ ముక్కనైనా పెద్దలకు చూపిద్దామని, నేనే తాళం వేసిన అలమార నేనే తీస్తే, ముక్క లేదు! గుట్టు బయటపడుతుందని నువ్వే వచ్చి తీసుకుపోయావని నా అనుమానం. మీ అక్క దగ్గర మారుతాళం ఒకటి ఉండేది, అది నీకిచ్చిందా?

వచ్చే ఆదివారం దాకా గడువిచ్చారు. ఆ తర్వాత తాళం పాటల టీచరమ్మకట. అంగీ మళ్ళీ పంపుతున్నాను. నా ముఖం చూడకపోయినా మీ అక్క కుర్చీ ముఖం చూసి కత్తిరించు.

నోటుబుక్కు సంగతి: ఉంది. ఆమె వ్రాసిన ప్రతి పేజీ ఎర్రసిరాతో దిద్ది మార్కులు వేశాను. విషయం గమనించలేదు.

ఇట్లు,
బావ

తా.క.: ఆ కుర్చీలో నిన్న కూడా తడిమి చూసి కూర్చున్నాను. సూది ఎప్పుడూ కుర్చీ మీదే వదిలే మీ అక్క అలవాటు నా శరీరం ఇంకా మరువలేదు.

*

బావగారూ,

నన్ను దొంగంటారా? మీ పెళ్ళికోటు కుట్టినవాణ్ణి! కోపంతో రెండు రోజులు పొట్లం విప్పలేదు. ఈ పొద్దున విప్పాను. కూర్చుని చదవండి.

నేను కోసిన ముక్క అంగీకే ఉంది. తిరిగి అతికి ఉంది. కిటికీకి ఎత్తిపట్టి, వెలుతురుకి అడ్డంగా చూస్తే తప్ప కుట్టు కనపడదు. ముందు మీరే కుట్టారేమో అనుకున్నాను. కానీ మీరు చొక్కా గుండీకి కూడా నాకు పార్సిల్ పంపే మనిషి.

దారం చివర చూశాను. ఎడమవైపు జంటముడి, ముడి మీద చిన్న మెలిక, మెలిక మడతలోకి దోపి ఉంది. మా అమ్మ ఆ ముడి ఒక్క అక్కకే నేర్పింది. నాకు మాత్రం, "నీకు చేతి ఒడుపు లేదురా" అని నేర్పలేదు. ఆ ముడి వేసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు బావగారూ.

నేను కత్తెర పట్టను. అంగీ ఉన్నదున్నట్టు పంపేస్తున్నాను. ఎర్రపెన్ను అవతల పెట్టి ఆ నోటుబుక్కు చదవండి.

మీ బావమరిది

తా.క.: పొట్లం తీసుకెళ్ళే ఆయన చేతిలో పెట్టగానే అడిగాడు, "ఇదేంటండీ, ఇప్పుడే ఎవరో విప్పినట్టు వెచ్చగా ఉంది?" అని. ఇస్త్రీ చేశానని చెప్పాను. చేయలేదు.

*

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు, వాయిదా వేసినవి కూడా కలిపి. నిన్ను దొంగ అన్నందుకు క్షమించు. ఈ వాక్యం నా జీవితంలో ఎవరికీ వ్రాయలేదు. తప్పులుంటే నీవే దిద్దు.

పెన్ను లేకుండా చదవడం నాకు అలవాటు లేదు. చేతులు వెనక్కి కట్టుకుని చదివాను. మూడో పేజీలోనే ఉంది:

"అంగీ మనిషిది కాదు. మనుషులు మారతారు. పొట్టాయన వస్తే లోపలికి మడిచి కుట్టాలి, కత్తిరించకూడదు. పొడుగాయన మళ్ళీ వస్తాడు. కత్తిరిస్తే నేనూరుకోను."

ఆ నాలుగు ముక్కల చుట్టూ నా ఎర్ర సున్నాలు. పక్కన పదికి నాలుగు మార్కులు.

శనివారం అంతా మడిచి కుట్టాను. సూదిలో దారం ఎక్కించడానికే మధ్యాహ్నమైంది. నా కుట్లు కోడి కెలికినట్టున్నాయి. ఆదివారం ఫాదర్‌గారు మూడు మెట్లూ నిటారుగా ఎక్కారు. ఆరాధన అయ్యాక అంగీ తిరగేసి చూశాను. మడత అలాగే ఉంది, నా కుట్టు మాత్రం ఒక్కటీ లేదు. ఎడమవైపు జంటముడి ఉంది.

భయం వేసింది. ఆ తర్వాత, నలభై ఏళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో మొదటిసారి, వేసిన మార్కులు మార్చాను. నాలుగు కొట్టేసి పది వేశాను.

ఇట్లు,
నీ బావ

తా.క.: అంతలో సంఘం పెద్దలు తాళం విషయం మాట్లాడాలని గదిలోకి వచ్చారు. మర్యాదగా కూర్చుని మాట్లాడదామని, తడిమి చూడడం మరచి, కుర్చీలో కూర్చున్నాను. కెవ్వున లేచాను. "ఏమైంది మాస్టారూ?" అన్నారు. సూది పీకి చూపించాను. దానికి తెల్లదారం ఇంకా వేలాడుతోంది. "ఏమీ లేదు, మా ఆవిడ ఇప్పుడే లేచి వెళ్ళింది" అన్నాను. తాళం నా దగ్గరే ఉంచమన్నారు. గుమ్మం బయటి నుంచి.